ఆయుధపూజలో లాప్‌టాప్

నా లాప్‌టాప్ ఆన్ చేస్తే ముందుగా నల్లటి తెర మీద మూడు పేర్లు వస్తాయి. పాత విండోస్, కొత్త విండోస్, లినక్స్. బాణం గుర్తును పైకో కిందికో జరిపి ఒకదాన్ని ఎంచుకోవాలి. ఎంచుకోకుండా చూస్తూ కూర్చుంటే కాసేపటికి దానికే విసుగొచ్చి మొదటిదాంట్లోకి వెళ్లిపోతుంది. ఒకటి లేచి పనిచేస్తుంటే మిగతా రెండూ పడుకుని ఉంటాయి.

మార్కాపురంలో నేను పనిచేసే ప్రింటింగ్ ప్రెస్సు ఓనరు ఈ తెరను మొదటిసారి చూసి, "ఏందమ్మా ఇది, ఒకే ఇంట్లో ముగ్గురు తోడికోడళ్లను పెట్టినావా? ఎట్ల ఏగుతున్నావు తల్లీ!" అని నవ్వాడు.

"కొట్టుకోరన్నా. ఒకరి మొగం ఒకరు చూసుకోరు గదా" అన్నాను.

ఏదో సంబరానికి పెట్టుకున్నవి కావు. పెళ్లిపత్రికలు కొట్టే తెలుగు టైపింగ్ సాఫ్ట్‌వేర్ పాత విండోస్‌లో తప్ప నడవదు, నా వేళ్లకు ఆ కీబోర్డు తప్ప రాదు. ఫ్లెక్సీలు డిజైన్ చేసే సాఫ్ట్‌వేరేమో కొత్త విండోస్ ఉంటేనే అడుగు పెడతానంటుంది. లినక్స్ నా సొంతానికి. ప్రెస్సుకు వచ్చే ప్రతివాడూ ఒక పెన్‌డ్రైవ్ పట్టుకొస్తాడు, దాంట్లో ఫోటోల కంటే వైరస్‌లే ఎక్కువ. ఆ దరిద్రమంతా విండోస్‌ల వైపే పోతుంది, లినక్స్ గడప తొక్కదు. ఒకదాని లోపల ఇంకోదాన్ని నడిపే పద్ధతి ఉందంటారు గానీ, నాది సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్, దానికంత దమ్ము లేదు. అందుకని డిస్కును మూడు వాటాలు చేసి, మధ్యలో గోడలు పెట్టి, ఎవరి వాటాలో వాళ్లను ఉంచాను. వీడియోలు చూసి నాకు నేనే నేర్చుకున్నాను. ఆ గర్వం నాకు కాస్త ఉండేది కూడా.

ఆ మూడో వాటాలో, లినక్స్‌లో, మా నాయన గొంతు ఉంది.

మా నాయన పలకల మనిషి. తర్లుపాడు దగ్గర మా ఊరు. అక్కడి నుంచి వయసులో పలకరాతి గనికి, తర్వాత మార్కాపురం పలకల ఫ్యాక్టరీకి సైకిల్ తొక్కుకుంటూ పోయి, పలకరాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చే పని తల నెరిసేదాకా చేశాడు. ఆయన గొంతు మా వీధికంతా తెలుసు. మలుపు దగ్గర సైకిల్ దిగి "ఏమే" అంటే పెరట్లో ఉన్న మా అమ్మ "ఆ, వస్తన్నా" అని పలికేది. నన్ను పాపా అంటాడు. నలభై దాటినా నేను పాపనే. పెళ్లి కావడం, అది చెడిపోవడం అన్నీ అయ్యాక ఒక బ్యాగు పట్టుకుని వాళ్ల ఇంటికే వచ్చేసినప్పుడు కూడా ఆయన అన్నది "వచ్చినావా పాపా, కాళ్లు కడుక్కో" అనే. ఇంకో మాట అడగలేదు.

కిందటేడు ఆయన గొంతులో క్యాన్సర్ బయటపడింది. స్వరపేటిక తీసేయాలన్నారు. మనిషి ఉంటాడు, మాట ఉండదు. డాక్టరమ్మ మంచిదే, మెల్లగా చెప్పింది. "ఆపరేషన్‌కు ఇంకా టైముంది. మాట్లాడుకోవాల్సినవి ఏమైనా ఉంటే మాట్లాడుకోండి" అంది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ముగ్గురం ఒకే సీట్లో కూర్చుని ఒక్క ముక్క మాట్లాడుకోలేదు. మాట్లాడుకోండి అని ఎవరో చెప్పాక మాట ఎలా వస్తుంది?

ఆ తర్వాత సాయంత్రాలు అరుగు మీద లాప్‌టాప్ పెట్టి, చిన్న మైకు తగిలించి, నాయనను మాట్లాడించాను. మొదట సిగ్గుపడ్డాడు. తర్వాత ఆపితే ఆగలేదు. గని ముచ్చట్లు, వాళ్లమ్మ ముచ్చట్లు, వానలు లేని ఏడు జొన్నలకోసం పెద్దారవీడు దాకా నడిచిపోయిన ముచ్చట, ఇక్కడ రాయలేని నాలుగు మోటు జోకులు. అమ్మ లోపలినుంచి "ఆడబిడ్డ ముందర ఏం మాటలవి" అని అరిచింది. అది కూడా రికార్డయింది.

అన్నీ అయ్యాక ఆయన ఒక షరతు పెట్టాడు. అంతకు కొన్నాళ్ల ముందు మా ఊరాయన ఒకాయన చనిపోతే, ఆయన అల్లుడికి ఎప్పుడో పంపిన వాయిస్ మెసేజ్ ఒకటి వాట్సాప్ గ్రూపులన్నీ తిరిగింది. పురుగుల మందు గురించి మాట్లాడిన మెసేజ్ అది. దాని కింద ఏడుపు బొమ్మలు పెట్టి జనం ఊళ్లూ ఊళ్లూ పంపారు. నాయనకు అది బాగా తగిలింది.

"పోయినోని గొంతును తమాషా చేసినారు పాపా. నాది ఫోన్లల్లో తిప్పొద్దు. కాపీలు చెయ్యొద్దు. ఒకే చోట పెట్టు, తాళమేసి పెట్టు."

సరేనని చేతిలో చెయ్యేసి మాటిచ్చాను. లినక్స్‌కు పాస్‌వర్డ్ ఉంది, అది నాకు తప్ప ఎవరికీ తెలియదు. అదే తాళమనుకున్నాను. ఇంకెక్కడా కాపీ పెట్టలేదు.

మా అమ్మ దాన్ని ఒక్కసారి కూడా వినలేదు. ఆపరేషన్ అయ్యాక ఒకరోజు పెట్టమంటావా అని అడిగితే కస్సుమంది. "మనిషి ఎదురుగా కూసోని ఉంటే పెట్టెలో గొంతు వినేదేంది? శకునం గాదు. నా ముందర పెట్టబాక" అంది. నాయన కూడా వినలేదు. నేనూ ఒక్కదాన్నే ఎప్పుడో ఒకసారి కొంచెం విని, తట్టుకోలేక ఆపేశాను. అది అక్కడ ఉంది అన్న ధైర్యమే నాకు చాలనిపించేది.

ఇప్పుడు నాయన మెడ ముందు చిన్న రంధ్రం ఉంటుంది, ఊపిరి దాంట్లోనుంచే. దాని మీద అమ్మ కుట్టిన తెల్లగుడ్డ. మాట్లాడాలంటే చెక్క చట్రం ఉన్న పలక ఒకటి ఒళ్లో పెట్టుకుని దాని మీద రాస్తాడు. ఆ పలక ఆయన చేసిందే. అమ్మను పిలవాలంటే పలక అంచు మీద బలపంతో టక్ టక్ కొడతాడు. "నేనేమన్నా బర్రెనా, కొట్టి పిలిచేదానికి?" అని అమ్మ కావాలనే రెండోసారి కొట్టేదాకా పలకదు.

ఇక దసరా నాటి సంగతి.

అప్పటికి కొత్త విండోస్ వాటా నిండిపోయింది. ఒక ఫ్లెక్సీ సేవ్ చేయాలంటే రెండు ఫ్లెక్సీలు తుడిపేయాలి. పండగ దాటగానే పెళ్లిళ్ల పని మొదలవుతుంది. లినక్స్ వాటాలో మాత్రం ఖాళీ బోలెడుంది. కాబట్టి గోడ జరపాలి. లినక్స్ వాటాను పక్కకు జరిపి, మిగిలిన జాగాను కొత్త విండోస్‌కు కలపాలి. ఇదేమీ ఒక గీత చెరిపి ఇంకో గీత గీసే పని కాదు. లోపలున్న సామానంతా కొంచెం కొంచెంగా మోసుకుపోయి అవతల పెట్టాలి. పూటంతా పడుతుంది. ఆ మోత మధ్యలో ఆగిందంటే సగం సామాను అటు, సగం ఇటు, ఏది ఎక్కడుందో చెప్పే దిక్కుండదు. మొదలుపెట్టే ముందు ఆ హెచ్చరిక తెర మీద వస్తుంది. మధ్యలో ఆగితే అంతా పోవచ్చు, ముందుగా కాపీ తీసి పెట్టుకోండి అని.

కాపీ చేయనని మాటిచ్చినదాన్ని. ఆయుధపూజ నాడు ప్రెస్సుకు సెలవు. పండగ పూట కరెంటు తియ్యరు. ఇంతకుముందు రెండుసార్లు ఇలాగే గోడలు జరిపాను, ఏమీ కాలేదు. పొద్దున్నే బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, చార్జర్ తగిలించి, ఆ పని చేసే పెన్‌డ్రైవ్ పక్కన గుచ్చి, నొక్కేశాను. నీలం గీత ఒకటి మెల్లగా కదలడం మొదలైంది.

"అమ్మా, బల్ల మీద లాప్‌టాప్ ముట్టుకోవద్దు" అని వంటింట్లోకి కేకేశాను.

"నీ పెట్టెతో నాకేం పని? నా పొయ్యి నాకుంది" అంది అమ్మ.

నాయన బోరింగు దగ్గర ఉలులు కడుగుతున్నాడు. ఆయనకు చెప్పాలని నాకు తోచలేదు. పూలూ నిమ్మకాయలూ తేవడానికి ఆటో ఎక్కి తర్లుపాడు పోయాను.

మా ఇంట్లో ఆయుధపూజ అంటే నాయనదే. ఉలులు, సుత్తి, పార, కొడవలి, అమ్మ కత్తిపీట, అన్నీ కడిగి దేవుడి గూటి ముందు గోనెపట్టా పరిచి పెడతాడు. కత్తిపీట కూడా పూజలో ఉంటుంది గనక అమ్మ ఆ రోజు కూరగాయలన్నీ తెల్లారకముందే తరిగి పెట్టుకుంటుంది. ఒకసారి హారతి అయిందంటే, మర్నాడు పొద్దున మళ్లీ హారతి ఇచ్చి దేవుడికి చెప్పుకుని తీసేదాకా వాటిని ఎవరూ కదపకూడదు. ముందుగా కదిపిన చెయ్యి ఎవరిదో ఆ ఏడు కీడు వాళ్లకు అంటారు. ఇది మాకు ఉత్త మాట కాదు. నాయన వయసులో ఉన్నప్పుడు, గనిలో ఆయన పక్కన పనిచేసే మనిషి ఒకాయన అర్జంటు పని ఉందని పూజ సాయంత్రమే ఉలి తీసుకున్నాడట. నెల తిరగకుండా గనిలో బండ జారి ఆ ఉలి పట్టిన చెయ్యే నుజ్జయింది. నాయన ఆయన్ను భుజాన వేసుకుని పైకి మోసుకొచ్చాడు. ఈ ముచ్చట కూడా రికార్డింగులో ఉంది.

తర్లుపాడులో జనమే జనం. ప్రతి ఆటోకూ గుమ్మడికాయ, దండలు, హారతి. దిష్టి తీసేదాకా ఏ బండీ కదలనంది. నేను ఇంటికి చేరేసరికి బాగా పొద్దెక్కింది. చెప్పులు విప్పుతూ బల్ల వైపు చూశాను.

బల్ల మీద లాప్‌టాప్ లేదు. చార్జర్ వైరు కిందికి వేలాడుతోంది.

పూల సంచి ఎక్కడ పడేశానో తెలియదు. దేవుడి గూటి దగ్గరికి పరిగెత్తాను. గోనెపట్టా మీద ఉలులు వరసగా ఉన్నాయి, సుత్తి, పార, కొడవలి, కత్తిపీట, వాటి నడుమ నా లాప్‌టాప్. మూత మూసి ఉంది. దాని మీద మూడు విభూతి రేఖలు, కుంకుమ బొట్టు, పెరటి చామంతులు. పక్కన గుచ్చిన పెన్‌డ్రైవ్ అలాగే ఉంది, దానికీ ఒక బొట్టు. హారతి పళ్లెంలో కర్పూరం అప్పుడే ఆరింది. నాయన నన్ను చూసి నవ్వి పలక ఎత్తి చూపించాడు.

"నీ పనిముట్టు నువ్వే మరిస్తే ఎట్ల? నేను పెట్టినా."

ప్రతి ఏడూ నేనే పెట్టుకుంటాను దాన్ని. ఈసారి పెట్టలేదని ఆయనే పెట్టాడు. శుభ్రంగా తుడిచి మరీ పెట్టాడు. ఎవరిని ఏమనాలి చెప్పండి! వంగి చూస్తే, లాప్‌టాప్ అంచున రెండు చామంతుల మధ్య చిన్న తెల్ల లైటు ఒకటి వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.

మూత మూస్తే అది నిద్రపోతుంది. చచ్చిపోదు. చేస్తున్న పని ఎక్కడిదక్కడ ఆపి, ఆ ఆపిన చోటును గుర్తుపెట్టుకుని పడుకుంటుంది. కానీ గుర్తుపెట్టుకోవడానికి కూడా బ్యాటరీ కావాలి. నా బ్యాటరీ ముసలిది, చార్జర్ తీస్తే గట్టిగా గంట కూడా రాదు. నిద్రలో ఇంకొంచెం సేపు ఉంటుందేమో. ఎంతసేపు? సాయంత్రం దాకానా? మధ్యాహ్నం దాకానా? రేపు పొద్దున దాకా మాత్రం ఉండదు. ఆ లైటు వెలిగినంతసేపే నాయన గొంతు ఉన్నట్టు. లైటు ఆరిందా, సగం మోసిన సామాను నడివీధిలో వదిలేసినట్టే.

చెయ్యి చాపాను. నాయన నా మణికట్టు పట్టుకున్నాడు.

రాయి చీల్చిన చెయ్యి అది. ఇప్పటికీ పట్టు అలాగే ఉంది. రెండో చేత్తో రాశాడు, "రేపు."

"నాయనా, పని మధ్యలో ఉంది. తీయాల."

తల అడ్డంగా ఊపాడు. "రేపు" అన్న మాట కిందే ఒక గీత గీశాడు.

"రేపటికి పోతాది నాయనా! వదులు!" అరిచాను. పండగ పూట, దేవుడి ముందు, నాయన మీద. నా గొంతు నాకే ఎవరిదో అనిపించింది.

ఆయన వదల్లేదు. మెడ దగ్గరి గుడ్డ ఊపిరికి గబగబా కొట్టుకుంటోంది. ఆయన కళ్లలో కోపం లేదు. భయం ఉంది. నా చెయ్యి వైపు చూస్తున్నాడు. నేను ఆ లైటు వైపు చూస్తున్నాను. ఇద్దరం ఒకరికంటే ఒకరం ఎక్కువగా భయపడిపోతూ అక్కడే కూర్చున్నాం.

విషయం చెప్పేస్తే సరిపోయేది. కానీ ఎలా చెప్పను? గొంతు పోతుందని ఆయనకు ఒకసారి ఒక డాక్టరమ్మ చెప్పింది. రెండోసారి అదే మాట నేను చెప్పాలా? కన్నబిడ్డను, ఈ చేత్తో నొక్కి మొదలుపెట్టినదాన్ని? చేయి విడిపించుకుని వంటింట్లోకి పోయి అమ్మను పట్టుకున్నాను. ఏడుపు ఆపుకుంటూ అంతా చెప్పాను. అమ్మకు డిస్కు తెలియదు, వాటాలు తెలియవు. ఒక్కటే అర్థమైంది.

"అంటే మీ నాయన గొంతు పోతాదా?"

"ఆ లైటు ఆరితే పోతాదమ్మా."

అమ్మ గరిటె పొయ్యి గట్టు మీద పెట్టింది. వినను, శకునం కాదు అన్న మనిషి ముఖం చూస్తే నాకు ఇంకా భయమేసింది. పెదవులు తెల్లబడ్డాయి.

"పో, మీ నాయనకే చెప్పు. ఆయన వస్తువు. దాసిపెట్టి ఏం జేస్తావు?" అని, "బిన్నా పో!" అని తొందరపెడుతూ కసిరింది.

మళ్లీ వచ్చి గోనెపట్టా అంచున కూర్చున్నాను. లైటు కోసం వెతికాను. కనపడలేదు. ఓరి దేవుడా! తర్వాత వెలిగింది. ఆరింది. ఇలా ఆరినప్పుడల్లా మళ్లీ వెలగదేమో అని నా ఊపిరి ఆగుతోంది. నిజం చెప్పాలంటే, ఆపరేషన్ రోజు థియేటర్ తలుపు పైన ఎర్రలైటు చూస్తూ కూర్చున్నప్పుడు కూడా నాకు ఇంత భయం వేయలేదు. అప్పుడు గొంతు పోయినా ఒకచోట ఉంది కదా అన్న ధైర్యం ఉండింది.

"నాయనా, నీ గొంతు దాంట్లో ఉంది" అన్నాను.

ఆయన నా వైపు చూశాడు.

"నువ్వు మాట్లాడినవన్నీ దాంట్లోనే ఉన్నాయి. ఒక్క చోటే పెట్టమన్నావు, పెట్టినా. ఇప్పుడు అది ఒక జాగాలోనుంచి ఇంకో జాగాకు పోతా ఉంది, నడిమధ్యలో ఆగింది. ఆ లైటు చూడు. అది ఆరిపోతే నీ గొంతు పోతాది నాయనా. ఎవరు తెచ్చినా మళ్లీ రాదు. నేను దాన్ని పనికి తియ్యను. కరెంటు తగిలిస్తా, అంతే. నాకేమైనా కానీ, నేను తీస్తా."

ఆయన వంగి, ముఖం నేలకు దగ్గరగా పెట్టి, చామంతుల మధ్య ఆ లైటును చూశాడు. అది ఒకసారి వెలిగి ఆరేదాకా చూశాడు. ఇంకోసారి చూశాడు. అది అంత చిన్నదని ఆయనకు ఆశ్చర్యంగా ఉన్నట్టుంది.

లేచాడు. కర్పూరం బిళ్ల ఒకటి వెలిగించి, రేపు పొద్దున ఇవ్వాల్సిన హారతి అప్పుడే ఇచ్చాడు. పెదవులు కదిపాడు, దేవుడికి ఏదో చెప్పుకున్నాడు, శబ్దం రాలేదు. హారతి కాగానే ఇక నేను ఆగలేకపోయాను, లాప్‌టాప్ మీదికి చెయ్యి పోనిచ్చాను. టక్‌మని నా వేళ్ల మీద పలకతో ఒక దెబ్బ వేశాడు. చిన్నప్పుడు అరిసెల గిన్నెలో చెయ్యి పెడితే వేసినట్టు. నేను చెయ్యి వెనక్కు తీసుకునే లోపల, తన పెద్ద ఉలిని తీసి పక్కన పెట్టాడు.

ముందు తనది తీశాడు. ముందు కదిపిన చెయ్యి తనదయ్యేలా తీశాడు. ఆ తర్వాతే లాప్‌టాప్ వైపు వేలు చూపించి, తీసుకో అన్నట్టు తల ఊపాడు.

"నాయనా, ఏంది ఇది!" అన్నాను. క్యాన్సరుకని అంత కోసి, కుట్టి, రేడియేషన్ కరెంటు పెట్టిన ఆయన ఒంటికి ఇంకో కీడు పట్టే జాగా ఉందా? వెనక్కు పెట్టమని ఎలా చెప్పాలి, కదిపింది కదిలిందే కదా! అమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది గానీ వద్దనలేదు.

రెండు చేతులతో లాప్‌టాప్ ఎత్తి బల్ల దగ్గరికి నడిచాను. పూలు దారిపొడుగునా రాలాయి. చార్జర్ తగిలించాను. మూత తెరిచాను. నల్లటి తెర. అది నా ముఖమే నాకు చూపించింది, చేతికంటిన కుంకుమ నుదుట అంటుకుని ఉంది. లోపల ఫ్యాను తిరిగిన శబ్దం, మళ్లీ నిశ్శబ్దం. నాయన నా భుజం వెనక నిలబడ్డాడు, ఆయన ఊపిరి గుడ్డలోనుంచి నా చెవి పక్కనే వినపడుతోంది. తెర ఒక్కసారి మినుకుమంది. నీలం గీత వచ్చింది. ఆపిన చోటే ఆగి ఉంది. ఆగే ఉంది. తర్వాత, పొలం గట్టు మీద ముసలెద్దు లేచినట్టు, మెల్లగా ముందుకు కదిలింది.

బ్యాటరీ బొమ్మ చూశాను. అడుగంటింది. ఇంకొంచెం సేపు మేం అక్కడే కూర్చుని భయపడుతూ ఉంటే చాలు, అయిపోయేది.

అయినా గండం గడవలేదు. గీత చివరికి రావడానికి ఇంకా చాలా ఉంది. ఎవరికీ అన్నం సహించలేదు. అమ్మ పాయసం గిన్నె తెచ్చి పెట్టి, తీసుకుపోయింది. ఒకసారి ఇంట్లో ఫ్యాను ఆగింది. పండగ పూట కరెంటు తియ్యరన్న మాట అప్పుడే అబద్ధం కావాలా! నేను కుర్చీలోనుంచి లేవలేకపోయాను. నాయన పోయి స్విచ్ బోర్డు దగ్గర నిలబడ్డాడు, తను పట్టుకుంటే వస్తుందన్నట్టు. ఏదో మంత్రం వేసినట్టు కాసేపటికి వచ్చింది కూడా. ఆయన మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. గీత పూర్తయ్యేదాకా ఒక చెయ్యి గోడకు ఆనించి స్విచ్ బోర్డుకు కాపలా ఉన్నాడు.

నీడలు వాకిట్లోకి సాగుతుండగా గీత చివరికి చేరింది. పని ముగిసిందని రాసింది. నమ్మలేదు. ఆపి, పెన్‌డ్రైవ్ తీసి, మళ్లీ ఆన్ చేశాను. నల్లటి తెర. మూడు పేర్లు. ముగ్గురు తోడికోడళ్లూ ఉన్నారు. బాణాన్ని మూడోదాని మీదికి జరిపాను. పాస్‌వర్డ్ ఒకసారి తప్పు కొట్టాను. ఫోల్డర్ ఉంది. ఫైళ్ల పేర్లు ఉన్నాయి. పేర్లు ఉంటే సరిపోదు, పెంకు ఉండి లోపల గింజ లేని చింతకాయ కూడా ఉంటుంది.

"పెట్టేదా నాయనా?" అన్నాను.

స్విచ్ బోర్డు దగ్గర నుంచి వచ్చి నా పక్కన కుర్చీ లాక్కున్నాడు. పలక ఒళ్లో పెట్టుకుని, రెండు చేతులూ దాని మీద పెట్టుకున్నాడు. పరీక్ష రాయడానికి వచ్చిన పిల్లవాడిలా కూర్చున్నాడు. తల ఊపాడు.

మొదటి ఫైలు నొక్కాను. కాసేపు గరగర. గాలి. ఎక్కడో కోడి. ఇంతేనా, ఇంతే మిగిలిందా అనుకున్నాను.

"ఎక్కుతా ఉందా పాపా ఇది? ఎక్కుతా ఉంటే ఏదన్నా లైటు ఎలగాల గదా?"

నాయన ఉలిక్కిపడి లాప్‌టాప్ వెనక్కు తొంగిచూశాడు. ఆ గొంతు ఇల్లంతా నిండింది. కొంచెం బొంగురుగా, చివర కొంచెం ఎత్తుగా, ఎప్పుడూ ఎవరినో ఎగతాళి చేస్తున్నట్టే. ఆయన తన మెడ మీద గుడ్డను చేత్తో తడుముకున్నాడు. రికార్డింగులో దగ్గు వచ్చింది. దగ్గి, దగ్గి, ఆ గొంతు మమ్మల్ని వదిలి ఇంటి లోపలివైపు తిరిగింది.

"ఏమే! కాసిన్ని నీళ్లు తే!"

"ఆ, వస్తన్నా!"

రెండు గొంతులు ఒక్కసారే పలికాయి. ఒకటి లాప్‌టాప్‌లోనుంచి, రికార్డు చేసిన రోజుది. ఇంకోటి వంటింట్లోనుంచి.

గిన్నె పక్కన పెట్టిన శబ్దం. కుండ మూత తీసిన శబ్దం. అమ్మ చెంబుతో నీళ్లు పట్టుకుని, తడిచెయ్యి కొంగుకు తుడుచుకుంటూ, "పండగ పూట కూడా ఒక్క నిమిషం..." అంటూ గుమ్మం దాటి వచ్చింది. మమ్మల్ని చూసింది. లాప్‌టాప్‌ను చూసింది. అక్కడే నిలబడిపోయింది.

నేను ఆపబోయాను. నాయన నా చెయ్యి పట్టుకున్నాడు. పొద్దున పట్టుకున్నంత గట్టిగా కాదు.

లేచి, పలకను కుర్చీలో పెట్టి, అమ్మ దగ్గరికి పోయాడు. ఆమె చేతిలో చెంబు తీసుకుని, తల పైకెత్తి, నీళ్లన్నీ తాగేసి, ఖాళీ చెంబు ఆమెకు ఇచ్చాడు.